స్థలం అమ్మి చదివించినవాళ్ల తరఫున

విశాఖలో ఏ పెళ్లికి వెళ్లినా, ఏ గృహప్రవేశానికి వెళ్లినా భోజనాల దగ్గర ఒక మాట తప్పకుండా వినపడుతుంది. "పిల్లాడి చదువుకని అప్పట్లో మధురవాడ స్థలం అమ్మేశాం. ఉంచుకుని ఉంటే ఇవాళ కోటి పలికేది." పక్కవాళ్లు అయ్యో అంటారు. ఆ పిల్లాడేమో హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఉద్యోగం చేసుకుంటూ, నెలనెలా అమ్మానాన్నల మందులకి డబ్బు పంపిస్తూ ఉంటాడు. అది ఎవరూ లెక్కలోకి తీసుకోరు. స్థలం పోయిందన్న బాధే మిగులుతుంది.

వాళ్లు నష్టపోలేదని చెప్పడానికే ఇది రాస్తున్నాను. చాలా ఏళ్లు బ్యాంకులో లోన్ సెక్షన్‌లో పనిచేశాను. చదువు అప్పుల ఫైళ్లు నా టేబుల్ మీదుగానే వెళ్లేవి. గడువుకి ముందే తీరిపోయినవీ చూశాను, మొండిబాకీలై కూర్చున్నవీ చూశాను. అందుకని చదువు మీద పెట్టిన ప్రతి రూపాయీ పదింతలై తిరిగొస్తుందని నేను అనను. ఏ చదువు, ఏ వయసులో, ఎవరి డబ్బుతో అన్నదాన్ని బట్టి రాబడి మారిపోతుంది. మన దగ్గర మాత్రం డబ్బంతా రాబడి ఖాయం కాని చోటికి పోతోంది. ఎక్కువ రాబడి వచ్చే చోట చిల్లర విదిలిస్తున్నాం.

ముందు స్థలం సంగతి తేల్చేద్దాం. మధురవాడలో గజం ధర ఊరికే పెరగలేదు. పక్కన రుషికొండ మీద ఐటీ కంపెనీలు వచ్చాయి, చుట్టూ కాలేజీలు వచ్చాయి, నెల జీతాలవాళ్లు వచ్చి ఫ్లాట్లు కొన్నారు. అంటే ఎవరో ఒకరు వాళ్ల పిల్లల్ని చదివించబట్టే ఆ స్థలానికి ధర వచ్చింది. ఇంకో విషయం. ధర పెరిగిన స్థలాల గురించే మనం మాట్లాడుకుంటాం. నిషేధిత భూముల 22-ఎ జాబితాలో చిక్కుకుని రిజిస్ట్రేషన్ ఆగిపోయిన స్థలాలు, ఒకే ప్లాటు ఇద్దరికి అమ్మిన కేసులు, అన్నదమ్ముల వాటాల తగువుతో కోర్టులో నానుతున్న ఎకరాలు భోజనాల దగ్గర ప్రస్తావనకి రావు. స్థలం డబ్బివ్వాలంటే అమ్మాలి, అదీ ఒక్కసారే. చదువుకున్న మనిషి ముప్పై ఏళ్లపాటు నెలనెలా సంపాదిస్తాడు.

చదువుని పెట్టుబడిగా చూసి లెక్కగట్టడం అర్థశాస్త్రంలో పాత పనే. గ్యారీ బెకర్ 1964లో మానవ మూలధనం గురించి రాసిన పుస్తకంతో అది ఒక శాఖగా నిలబడింది. ఒక ఏడాది ఎక్కువ చదివితే జీతం ఎంత శాతం పెరుగుతుందో లెక్కగట్టే సూత్రాన్ని జేకబ్ మిన్సర్ 1974లో స్థిరపరిచారు. ఆ పద్ధతిలో దేశదేశాల్లో చేసిన అధ్యయనాలన్నిటినీ సకరోపౌలోస్, పాత్రినోస్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు 2018లో ఒకచోట చేర్చి చూశారు. సగటున ఒక్కో ఏడాది చదువుకి దాదాపు 9 శాతం సంపాదన పెరుగుతోందని తేలింది. ఆడవాళ్లకి మగవాళ్లకన్నా సుమారు 2 శాతం పాయింట్లు ఎక్కువ. పేద దేశాలు, ధనిక దేశాలు కలిపిన సగటు ఇది.

"చురుకైన పిల్లలే ఎక్కువ చదువుతారు, వాళ్లు చదవకపోయినా సంపాదించుకునేవాళ్లే కదా" అని ఎవరైనా అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. దీనికి ఇండోనేసియాలో గట్టి జవాబు దొరికింది. పెట్రోలు ధరలు పెరిగి చేతినిండా డబ్బొచ్చినప్పుడు ఆ ప్రభుత్వం 1973 నుంచి 1978 లోపు 61 వేలకు పైగా ప్రాథమిక పాఠశాలలు కట్టింది. బడి దగ్గరకి రావడంవల్ల చదువుకున్న పిల్లల్నీ, వాళ్లకన్నా కాస్త ముందు పుట్టి ఆ అవకాశం దక్కనివాళ్లనీ పోల్చి ఆర్థికవేత్త ఎస్తేర్ డ్యూఫ్లో 2001లో లెక్క తీశారు. ఏడాదికి 6.8 నుంచి 10.6 శాతం దాకా జీతాల్లో పెరుగుదల కనిపించింది. ఊళ్లో బడి కట్టడానికీ, పిల్లల తెలివితేటలకీ సంబంధం లేదు కదా. అంటే చదువే పని చేసింది.

సగటు సంగతి అది. నా టేబుల్ దగ్గరకి సగటు మనిషి ఎప్పుడూ రాలేదు.

బీటెక్‌కని నాలుగు లక్షలు అప్పు తీసుకున్న కుర్రాణ్ని తీసుకోండి. ఏడాదికి లక్ష చొప్పున ఇస్తాం. కోర్సు నడిచిన నాలుగేళ్లూ, ఆ తర్వాత ఒక ఏడాదీ కట్టనక్కర్లేదు, మామూలు వడ్డీ మాత్రం పడుతూ ఉంటుంది. పది శాతం వడ్డీ అనుకుంటే ఐదేళ్లు గడిచేసరికి బాకీ ఐదు లక్షల నలభై వేలు. దాన్ని ఏడేళ్లలో తీర్చాలంటే నెలకి దాదాపు తొమ్మిది వేల ఈఎంఐ. ముప్పై వేల జీతం వస్తే ఇబ్బంది లేకుండా కడతాడు. పదిహేను వేలొస్తే రూము అద్దె, తిండి పోను కట్టలేడు. ఇద్దరిదీ అదే కోర్సు, అదే ఫీజు, బ్యాంకులో అదే ఫారం. మూడు ఈఎంఐలు తప్పితే ఖాతా మొండిబాకీ అవుతుంది, సిబిల్ స్కోరు పడిపోతుంది, ఫోన్లు మొదలవుతాయి. ఆ ఫోన్లు ముందు వెళ్లేది తండ్రికి. ఆయన గాజువాకలో వెల్డింగ్ షాపులో ఉంటాడు, చప్పుడులో సరిగ్గా వినపడదు, "మావాడికి చెప్తాను సార్" అని పెట్టేస్తాడు. ఆ టెన్షన్ ఏ అధ్యయనం లెక్కలోకీ రాదు.

అసలు ఖర్చు నాలుగు లక్షలతో ఆగదు. ఆ నాలుగేళ్లు కుర్రాడు ఏదో షాపులో చేరితే నెలకి పదివేలు తెచ్చేవాడు. ఫీజుకి ఆ పోగొట్టుకున్న సంపాదన కూడా కలిపితేగానీ పెట్టుబడి ఎంతో తెలియదు. కాలేజీలో చేర్చేముందు తల్లిదండ్రులు అడగాల్సిన ప్రశ్న ఒకటే. ఫ్లెక్సీ మీద వేసే హైయెస్ట్ ప్యాకేజీ ఒక్కడిది. పోయినేడు ఆ బ్రాంచిలో పాసైనవాళ్లని జీతాల వరసలో నిలబెడితే మధ్యలో నిలబడ్డవాడికి ఎంతొస్తోంది? కాలేజీ చెప్పకపోతే సీనియర్లని అడగండి. ఆ జీతంలో మూడో వంతుకన్నా ఈఎంఐ ఎక్కువైతే నేను ఆ సీటు వద్దనే చెప్తాను.

డిగ్రీ చదివినవాళ్లలోనే నిరుద్యోగం ఎక్కువన్న సంగతి దేశవ్యాప్త లేబర్ ఫోర్స్ సర్వేలు చెబుతూనే ఉన్నాయి. 2019లో గ్రామ, వార్డు సచివాలయాల్లో సుమారు 1.26 లక్షల పోస్టులకి నోటిఫికేషన్ ఇస్తే 20 లక్షలకు పైగా దరఖాస్తులొచ్చాయి. ద్వారకానగర్ పబ్లిక్ లైబ్రరీలో పొద్దున్నే సీటు కోసం నిలబడే పిల్లల్లో బీటెక్ చదివినవాళ్లు ఎంతమందో అక్కడికి వెళ్తే తెలుస్తుంది. ఆర్థికవేత్త మైఖేల్ స్పెన్స్ 1973లో చెప్పిన మాట ఇక్కడ సరిగ్గా అతుకుతుంది. డిగ్రీ పని నేర్పినా నేర్పకపోయినా, వీడు పనికొస్తాడని కంపెనీకి చూపించే గుర్తుగా పనిచేస్తుందన్నారు ఆయన. ఆ గుర్తు అందరి దగ్గరా ఉన్నప్పుడు దాని విలువ పడిపోతుంది. అప్పుడు ఇంకో గుర్తు కావాలి. బీటెక్ అయ్యాక మళ్లీ ద్వారకానగర్ సందుల్లో కంప్యూటర్ కోర్సులకి కట్టే ఫీజు అదే.

మరోపక్క కంచరపాలెం పాత ఐటీఐ ఉంది. ఫిట్టర్, ఎలక్ట్రీషియన్ లాంటి ట్రేడులు రెండేళ్లలో అయిపోతాయి. ఫీజు బీటెక్‌తో పోల్చదగ్గది కాదు. షిప్‌యార్డు, రిఫైనరీ, పోర్టు, స్టీల్ ప్లాంటు ఉన్న ఊరు మనది. చేతిలో పనున్న కుర్రాడికి ఇక్కడ అప్రెంటిస్‌గా చేరే దారులున్నాయి. కానీ సంబంధాలు చూసేటప్పుడు "అబ్బాయి ఐటీఐ" అంటే అమ్మాయివాళ్లు మొహం తిప్పుకుంటారు, "బీటెక్, ఉద్యోగం చూసుకుంటున్నాడు" అంటే కూర్చోబెట్టి కాఫీ ఇస్తారు. తల్లిదండ్రులు పెళ్లి సంబంధాల కోసం కూడా బీటెక్ చదివిస్తున్నారు. వాళ్లని తప్పుపట్టలేం. ఐటీఐకి మర్యాద రావాలంటే మంచి వర్క్‌షాపులు, ఖాళీల్లేని ఇన్‌స్ట్రక్టర్ పోస్టులు కావాలి. అది ప్రభుత్వం చేయాల్సిన ఖర్చు.

ఆడపిల్లల చదువుకి రాబడి ఎక్కువని పైన రాశాను. అది నాకు అర్థమైంది పెదజాలారిపేట నుంచి వచ్చిన ఒకావిడ వల్ల. ఫిషింగ్ హార్బర్‌లో చేపలు కొని బుట్టతో వీధుల్లో అమ్మేది. కూతురికి బీఎస్సీ నర్సింగ్‌లో సీటొచ్చింది, లోను కావాలి. పెళ్లికని దాచినది ఉంది కదా, చదువెందుకని ఆవిడ తమ్ముడు గోల పెడుతున్నాడట. నేను ఈఎంఐ లెక్క కాగితం మీద వేసి చూపించాను.

"మేడమ్, నెలకి తొమ్మిదేలంటే నాకు తెలవదు. రోజుకెంత పడుద్దో సెప్పండి."

"మూడొందలమ్మా."

ఆవిడ వేళ్లు ముడుస్తూ కాసేపు లెక్కేసుకుంది. "మరి వేట ఆపేసిన రెండు నెల్లూ?"

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు సముద్రంలో వేట నిషేధం. ఆ రోజుల్లో హార్బర్‌లో సరుకుండదు. ఈఎంఐకి మాత్రం నిషేధం లేదు. అప్పు కట్టాల్సింది కోర్సు అయ్యాకే, అప్పటికి అమ్మాయికి జీతం వస్తుందని చెప్పాను. "దానికి ఉజ్జోగం రాపోతే నానే కట్టాలి గదా" అంది. ఆ ఒక్క మాటలో రిస్కు మొత్తం ఉంది. పెద్ద పెద్ద కంపెనీల ప్రాజెక్టు రిపోర్టుల్లో కూడా సరుకు దొరకని రెండు నెలల సంగతి అంత ముందుగా అడిగినవాళ్లని నేను చూడలేదు. దసరా నుంచి సంక్రాంతి దాకా బేరం బాగుండే రోజుల్లో కొంత కొంత రికరింగ్ డిపాజిట్‌లో వేసుకుని, వేట లేని నెలలకి దాచుకుంటానని ఆవిడే దారి చెప్పింది. లోను శాంక్షన్ చేశాం.

ఆ డిపాజిట్ ముట్టుకోవాల్సిన అవసరం రాలేదు. అమ్మాయికి ప్రైవేటు ఆసుపత్రిలో ఐసీయూలో ఉద్యోగం వచ్చింది, బాకీ గడువు కన్నా ముందే తీర్చేసింది. జీతం కాగితం మీద కనిపించేది అంతవరకే. తల్లికి షుగరుందని కనిపెట్టింది ఆ అమ్మాయే. బడి మానేస్తానన్న తన తమ్ముణ్ని బతిమాలి పదో తరగతి పరీక్ష రాయించింది. ఆ వీధిలో కాన్పుకి ఎవరు భయపడినా ముందు ఈ అమ్మాయికే ఫోన్ వస్తుంది. చదువుకున్న ఆడమనిషివల్ల చుట్టుపక్కల ఎన్ని ప్రాణాలు నిలబడతాయో లెక్కగట్టినవాళ్లున్నారు. 1970 నుంచి 2009 దాకా ప్రపంచంలో ఐదేళ్లలోపు పిల్లల మరణాలు తగ్గాయి కదా, అందులో సగానికి స్త్రీల చదువు పెరగడమే కారణమని 2010లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చిన అధ్యయనం చెప్పింది. పెళ్లయ్యాక ఉద్యోగం మానేసిన అమ్మాయి చదువు దండగ అనేవాళ్లు ఈ లెక్క చూడాలి.

ఇక నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించే సంగతి. రాబడి ఎక్కువ ఉండాల్సిన చోటు చిన్నతనం. కారణం కష్టమైనదేం కాదు. ఆరేళ్ల పిల్ల బడికి వెళ్తే ఇంటికి పోయే సంపాదనేం లేదు. ఖర్చు తక్కువ. నేర్చుకున్నది వాడుకోవడానికి ముందు యాభై అరవై ఏళ్లుంటాయి. పైగా ప్రతి తరగతీ కింద తరగతి మీద నిలబడాలి. చదవడం రాని పిల్లకి ఆరో తరగతి సైన్సు పుస్తకం ఇచ్చినా, పదో తరగతిలో ట్యూషన్ పెట్టించినా ఆ డబ్బు ఇసకలో నీళ్లే.

దీనికి ఎదురుమాట ఉంది, దాచను. మన దేశంలో ఈమధ్య జీతాల లెక్కలు తీస్తే ప్రాథమిక తరగతుల్లో ఒక్కో ఏడాదికి వచ్చే పెరుగుదల కన్నా డిగ్రీ స్థాయిలో ఒక్కో ఏడాదికి వచ్చేదే ఎక్కువగా కనిపిస్తోంది. కాబట్టి డిగ్రీ కోసం పరుగులు పెట్టే తల్లిదండ్రులు తెలివితక్కువవాళ్లేం కాదు. కానీ ఆ లెక్కలు బడిలో కూర్చున్న ఏళ్లని కొలుస్తాయి, నేర్చుకున్నదాన్ని కొలవవు. పిల్లలకి చదవడం, లెక్కలు ఎంతవరకు వచ్చాయో ఇంటింటికీ వెళ్లి చూసే అసర్ సర్వే 2022లో తేల్చిందాని ప్రకారం గ్రామీణ భారతంలో ఐదో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవాళ్లు 42.8 శాతం. 2024 నాటికి 48.8 శాతం. ఐదేళ్లు బడికి వెళ్లాక కూడా సగం మందికి పైగా పిల్లలకి ఆ పాఠం చదవడం రావడం లేదు. ఆ ఐదేళ్లకి రాబడి తక్కువగా తేలిందంటే ఆశ్చర్యం ఏముంది? అక్కడ చదువు జరగలేదు, హాజరు పడింది.

ప్రైవేటు బడికి పంపితే సరిపోతుందనుకుంటారు చాలామంది. ఈ నమ్మకాన్ని మన ఆంధ్రప్రదేశ్ పల్లెల్లోనే పరీక్షించారు. కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ అనే ఆర్థికవేత్తలు 2008లో లాటరీ వేసి కొందరు పిల్లలకి ప్రైవేటు బడి ఫీజు కట్టించి, నాలుగేళ్లు చూశారు. 2015లో ఫలితాలు ప్రచురించారు. తెలుగులో, లెక్కల్లో ప్రభుత్వ బడి పిల్లలకీ వీళ్లకీ తేడా రాలేదు. హిందీలో మాత్రం ప్రైవేటు పిల్లలు ముందున్నారు. అయితే ప్రైవేటు బడికి ఒక్కో పిల్లకి అయ్యే ఖర్చు ప్రభుత్వ బడి ఖర్చులో మూడో వంతుకన్నా తక్కువ. ఇది రెండువైపులా నొప్పెట్టే ఫలితం. టై, బెల్టు, బస్సు చూసి ఫీజు కట్టే తల్లిదండ్రులకి ఆ డబ్బుతో అదనంగా తెలుగూ లెక్కలూ రావడం లేదు. ప్రభుత్వం మూడింతలు ఖర్చుపెట్టి కూడా ఎక్కువ నేర్పించలేకపోతోంది.

ఇంకా చిన్న వయసు సంగతి చూడండి. అమెరికాలో మిషిగన్ రాష్ట్రంలో 1962లో పేద పిల్లల కోసం పెర్రీ ప్రీస్కూల్ అని మొదలుపెట్టారు. ఆ పిల్లల్ని నలభై ఏళ్లు వచ్చేదాకా గమనించిన సమాచారంతో ఆర్థికవేత్త జేమ్స్ హెక్‌మన్ బృందం లెక్కగడితే ఏటా 7 నుంచి 10 శాతం రాబడి తేలింది. జీతాలు పెరగడం ఒకటే కాదు, వాళ్లు నేరాల్లో ఇరుక్కోవడం తగ్గడంవల్ల మిగిలిన డబ్బు కూడా అందులో ఉంది. మన దగ్గర ఆ వయసు పిల్లలు ఎవరి చేతుల్లో ఉన్నారు? అంగన్‌వాడీ టీచర్ల చేతుల్లో. 2023 డిసెంబర్‌లో వాళ్లు సమ్మెకి దిగేనాటికి టీచర్ జీతం 11,500 రూపాయలు, ఆయాది 7,000. 42 రోజులు రోడ్డు మీద కూర్చున్నారు, వాళ్ల మీద అత్యవసర సేవల్లో సమ్మెని నిషేధించే ఎస్మా చట్టం ప్రయోగించారు. ఇంటర్ కోచింగ్‌కి ఏడాదికి లక్షలు కట్టే ఊళ్లో, రాబడి అంత ఉన్న పనిచేసే మనిషికి మనం ఇచ్చేది అది. నాకు కోపం వచ్చేది ఇక్కడే.

పిల్లల్ని బడికి పంపే తల్లులకి డబ్బిచ్చే పథకాలుగా 2020లో అమ్మఒడి వచ్చింది, 2025లో తల్లికి వందనం వచ్చింది. అమ్మఒడిలో ఎంతమంది పిల్లలున్నా తల్లికి ఒక్కరి లెక్కనే ఇచ్చేవారు. తల్లికి వందనంలో ప్రతి పిల్లకీ 15 వేల లెక్కన, అందులో 13 వేలు తల్లి ఖాతాలో, 2 వేలు బడి నిర్వహణకి. పేద ఇంటికి ఆ డబ్బు పెద్ద ఆసరా, దాన్ని తీసేయమని నేను అనను. కానీ రెండు పథకాలూ ఒకటో తరగతి నుంచే మొదలవుతాయి. మూడేళ్ల నుంచి ఐదేళ్ల పిల్లలు వాటి లెక్కలో లేరు. బడిలో పిల్లకి చదవడం వచ్చిందా అని ఆ డబ్బు అడగదు.

చదువు రాబడంతా చదివినవాళ్ల జేబులోకే వెళ్తే ప్రభుత్వం పెట్టడం ఎందుకని అడిగేవాళ్లకి గణాంకశాస్త్రవేత్త సి.ఆర్. రావు గారి సంగతి చెప్తాను. ఆయన మన ఏవీఎన్ కాలేజీలో, ఆంధ్రా యూనివర్సిటీలో చదివారు. యూనివర్సిటీ 1926లో బెజవాడలో పుట్టి, 1930లో వాల్తేరు వచ్చింది. జయపురం మహారాజా విక్రమదేవ వర్మ ఏటా లక్ష రూపాయలు ఇచ్చి దాన్ని నిలబెట్టారు. అక్కడ లెక్కల్లో ఎమ్మే చేసిన రావు గారు కలకత్తా వెళ్లి, 1945లో పాతికేళ్ల వయసులో రాసిన పరిశోధనతో గణాంకశాస్త్రం దారి మళ్లించారు. 2023లో అంతర్జాతీయ స్టాటిస్టిక్స్ బహుమతి వచ్చింది. ఏడాది చదువుకి 9 శాతం అని చెప్పే అంచనాలు ఎంతవరకు నమ్మదగ్గవో తేల్చే శాస్త్రంలో ఆయన పేరు మీద సూత్రం ఉంది. మహారాజు ఇచ్చిన లక్షకి రాబడి ఎక్కడ రాయాలి? రావు గారి జీతంలో రాస్తే వచ్చేది చాలా కొంచెం. చిన్నప్పుడు రోజూ తెల్లారుజామున నాలుగింటికి లేపి దీపం వెలిగించి చదివించిన తల్లికి ఆయన కృతజ్ఞత చెప్పుకున్నారు. ఆవిడ పెట్టుబడి ఏ ఖాతాలోనూ లేదు.

ఇప్పుడు విశాఖకి మళ్లీ పెద్ద పెట్టుబడులు వస్తున్నాయి. 2025లో రుషికొండ ఐటీ కొండ మీద 21 ఎకరాలకు పైగా భూమిని ప్రభుత్వం టీసీఎస్‌కి 99 పైసలకి కేటాయించింది. అదే ఏడాది అక్టోబర్‌లో గూగుల్ ఇక్కడ ఐదేళ్లలో 15 బిలియన్ డాలర్లు పెడతానని ప్రకటించింది. రావాలి, నాకు సంతోషమే. ఆ ఆఫీసుల్లో కుర్చీలు పెదజాలారిపేట పిల్లలకా, వేరే రాష్ట్రాల నుంచి వచ్చినవాళ్లకా అన్నది మాత్రం ఈ ఏడాది రెండో తరగతిలో ఉన్నవాళ్లకి చదవడం వచ్చిందా లేదా అన్నదాని మీద ఆధారపడి ఉంది. మూడో తరగతికల్లా ప్రతి పిల్లకీ చదవడం, లెక్కలు రావాలని 2021లో నిపుణ్ భారత్ పేరుతో కేంద్రం పెట్టుకున్న గడువు 2026-27.

మా వీధిలో కొందరం కలిసి అర్జీ రాసి సంతకాలు సేకరిస్తున్నాం. అడుగుతున్నది మూడే. రెండో తరగతి చివర ప్రతి పిల్ల చేతా ఒక పేజీ చదివించి, ఎంతమందికి వచ్చిందో బడి గోడ మీద రాయాలి, పిల్లల పేర్లు లేకుండా. రానివాళ్లకి వేసవిలో రోజుకి రెండు గంటలు నేర్పించడానికి ఎవరినైనా పెట్టి, వాళ్లకి సరైన జీతం ఇవ్వాలి. మా అంగన్‌వాడీకి సొంత గది కావాలి. ఇప్పుడది అద్దె ఇంట్లో ఒక వరండాలో నడుస్తోంది. వాన కొడితే పిల్లల్ని ఇంటికి పంపించేస్తున్నారు.